ఏ ఊరు? ఏ నెల?
(మన దేశంలో విహారయాత్రకు చోటు ఎంచుకోవడం గురించి)

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

కళాశాల సంచికకు శాస్త్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, పరమాణువు గురించో అంతరిక్షం గురించో రాద్దామని కూచున్నాను. రెండు పేజీలు రాసి చించేశాను. నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఎందరో రాసిన విషయాన్ని నేను మళ్ళీ రాయడం దేనికి? నాకు స్వయంగా తెలిసిన ఒక పొరపాటు ఉంది. దాని వెనకాల కొంత భౌతికశాస్త్రం, కొంత భూగోళం, కొంత వ్యవసాయం ఉన్నాయి. రేపు మా తర్వాత టూర్ కమిటీలో కూచునే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అది పనికొస్తుందనే ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక నవంబరు కథ

ద్వితీయ సంవత్సరంలో మా తరగతి విహారయాత్రకు చోటు ఎంచే బాధ్యత ముగ్గురి మీద పడింది. అందులో నేనొకణ్ణి. నేను గట్టిగా వాదించి ఒప్పించిన ప్రణాళిక ఇది: నవంబరు మూడో వారంలో మదురై, రామేశ్వరం, కొడైకెనాల్. నా వాదన చాలా సులువుగా ఉండేది. "నవంబరంటే చలికాలం మొదలు. ఎండ ఉండదు, వాన వెళ్ళిపోయి ఉంటుంది. కొండ మీద హాయిగా ఉంటుంది." మా ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరులో కొడైకెనాల్ సరస్సు బొమ్మ ఉండేది. నీలాకాశం, నీలం నీళ్ళు, తెల్లని పడవలు. నిజం చెప్పాలంటే నా అసలు ఆధారం ఆ బొమ్మే.

మనిషికి 4,800 రూపాయలు. మొత్తం 34 మందిమి బయలుదేరాం.

మదురైలో దిగేసరికే చినుకులు. రామేశ్వరంలో సముద్రం మీదికి పడవలు వదలడం లేదన్నారు. కొడైకెనాల్ ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి, బస్సు నాలుగు గంటలు ఆగిపోయింది. పైకి చేరాక మూడు రోజులు గదుల్లోనే. కిటికీ తెరిస్తే మంచు, మూస్తే చీకటి. క్యాలెండరులోని సరస్సు పక్కనే ఉందట గానీ, మాకు కనిపించింది అవతలి గట్టు లేని ఒక తెల్లటి గోడ మాత్రమే.

నా పక్క మంచం మీద పడుకున్న మిత్రుడు నవ్వుతూ, "ఫర్లేదులేరా, వాన చూడ్డానికి తొమ్మిదొందల కిలోమీటర్లు వచ్చాం. మా ఊళ్ళో ఉచితంగానే పడుద్ది" అన్నాడు. అందరం నవ్వాం. వాళ్ళ నాన్నగారు కౌలురైతు. టూరు డబ్బు కోసం, ఇంకా కోయని పంట మీద వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారని తిరుగు ప్రయాణంలో ఇంకొకడు చెపితే నాకు తెలిసింది. ఆ తర్వాత రైల్లో నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చి తాతయ్యతో చెప్పాను. మాది దివిసీమ. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి దగ్గరి పల్లె. తాతయ్య ఐదో తరగతి దాటలేదు. మొత్తం విని, "ఏరా అబ్బాయ్, విశాఖ కార్తెలో అరవదేశం పోయారా? నన్నొక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి కదరా! అక్కడ వానాకాలమే అప్పుడు" అన్నాడు. కాసేపాగి, "నవంబరును నమ్మి మేం చూసింది చాల్లే" అన్నాడు. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో బతికి బయటపడ్డ మనిషి ఆయన. ఆ మాట ఎందుకన్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా, ఆ తెలిసినదాన్ని టూరు లెక్కలో వేసుకోలేదు.

అప్పుడే అనుకున్నాను, ఇదేమిటో సరిగ్గా చదవాలని.

ఎంత పెద్ద దేశం!

మన దేశపు ప్రధాన భూభాగం ఉత్తర అక్షాంశం 8 డిగ్రీల 4 నిమిషాల నుంచి 37 డిగ్రీల 6 నిమిషాల వరకు ఉంది. ఉత్తర దక్షిణాలుగా 3,214 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా 2,933 కిలోమీటర్లు. కర్కాటక రేఖ ఇంచుమించు మధ్యలోంచి, 8 రాష్ట్రాల మీదుగా పోతుంది.

ఈ అంకెలు మనం పదో తరగతిలో బట్టీ పట్టినవే. కానీ వాటి అర్థం ఏమిటి? ఒకే రోజున, ఒకే దేశంలో, ఒకచోట మంచు గడ్డకట్టి ఉంటుంది. ఇంకొకచోట వడగాలి వీస్తుంది. మరొకచోట కుండపోతగా కురుస్తుంది. "ఇండియాలో ఇప్పుడు ఏ కాలం?" అనే ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. "ఎక్కడ?" అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే. నేను చేసిన తప్పు ఇదే. కృష్ణా జిల్లా కాలాన్ని జేబులో పెట్టుకుని తమిళనాడు వెళ్ళాను.

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, తిరిగి మద్రాసు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. అన్ని ఋతువులూ ఆయనకు దారిలోనే ఎదురయ్యాయి. మన చేతిలో ఉండేది వారం, మహా అయితే పది రోజులు. కాబట్టి మనం ఋతువును వెతుక్కుంటూ పోవాలి.

నాలుగు ప్రశ్నలు

నేను చదివిందంతా కూర్చి చూస్తే, ఏ చోటునైనా నాలుగు ప్రశ్నలడిగితే చాలు, అక్కడి కాలం చాలావరకు బోధపడుతుందని తోచింది.

మొదటిది: సూర్యుడు ఎక్కడున్నాడు? ఏడాదిలో సూర్యుడు కర్కాటక రేఖకూ మకర రేఖకూ మధ్య తిరుగుతున్నట్టు కనిపిస్తాడు. కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న ఊళ్ళలో ఏడాదికి రెండుసార్లు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. హైదరాబాదులో అయితే మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. ఆ రోజు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. కర్కాటక రేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీలో సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. అయినా అక్కడ జూన్‌లో మాడిపోతారు. ఎందుకంటే ఉత్తరానికి పోయేకొద్దీ వేసవిలో పగలు పొడవు. జూన్ నెలాఖరులో కన్యాకుమారిలో పగలు పన్నెండున్నర గంటలుంటే, లేహ్‌లో పద్నాలుగు గంటలు దాటుతుంది. డిసెంబరులో ఇది తలకిందులవుతుంది. లేహ్‌లో పది గంటలే పగలు, కన్యాకుమారిలో పదకొండున్నర గంటలు దాటి ఉంటుంది.

తూర్పు పడమరల తేడా కూడా చిన్నది కాదు. దేశమంతటికీ గడియారం ఒక్కటే. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. కానీ అరుణాచల్ ప్రదేశ్‌లో సూర్యుడు గుజరాత్ కంటే దాదాపు రెండు గంటలు ముందుగా ఉదయిస్తాడు. ఈశాన్య రాష్ట్రాల్లో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. "భోంచేసి మధ్యాహ్నం చూద్దాంలే" అనుకునేవాళ్ళు అక్కడ నష్టపోతారు.

రెండోది: ఎత్తు ఎంత? సముద్రమట్టం నుంచి పైకి పోయేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ వంతున ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఈ ఒక్క సూత్రంతో ఎవరైనా వేసవి విడిదిని లెక్క కట్టవచ్చు. మేలో కోస్తాలో 36 డిగ్రీలుంటే, 900 మీటర్ల ఎత్తున్న అరకులో సుమారు 30 ఉండాలి. 2,240 మీటర్ల ఎత్తున్న ఊటీలో 21 లేదా 22 ఉండాలి. లెక్కకూ నిజానికీ ఒకటి రెండు డిగ్రీలు తేడా రావచ్చు, అంతే.

అయితే ఈ సూత్రానికి లొంగని చోట్లూ ఉన్నాయి. మన లంబసింగి ఎత్తు సుమారు 1,000 మీటర్లే. అయినా డిసెంబరు, జనవరి తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలను అంటిన గాలి చల్లబడి బరువెక్కి, కొండ వాలుల మీదుగా జారి లోయలో చేరుతుంది. పల్లానికి నీరు చేరినట్టే చల్లగాలి కూడా చేరుతుందన్నమాట.

మూడోది: సముద్రం ఎంత దూరం? నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లబడుతుంది. నేల రెండింటికీ తొందరపడుతుంది. అందుకే మేలో విశాఖ తీరం ఉక్కపోతగా ఉన్నా ఓర్చుకోగలం. అదే రోజున లోపలి ప్రాంతమైన రామగుండంలోనో, పల్నాటి రెంటచింతలలోనో 45 డిగ్రీలు దాటవచ్చు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అనేది ఊరికే కాదు. జైసల్మేరు లాంటి ఎడారిలో పగలు ఒక కాలం, రాత్రి ఒక కాలం.

నాలుగోది, అన్నింటికంటే ముఖ్యమైనది: గాలి ఎటునుంచి వీస్తోంది? నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, జూలై 8 నాటికి దేశమంతా పరుచుకుంటాయి. సెప్టెంబరు 17 ప్రాంతంలో రాజస్థాన్ పడమటి కొస నుంచి వెనుదిరగడం మొదలుపెట్టి, అక్టోబరు మధ్యకు దేశాన్ని విడిచిపెడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సగటున 87 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. దేశపు ఏడాది వానలో ఇది ముప్పాతిక వంతు.

కానీ ఈ గాలి పంపకం సమానంగా చేయదు. పడమటి కనుమలు దానికి అడ్డంగా నిలబడతాయి. తేమగాలి కొండెక్కుతూ చల్లబడి అక్కడే కురిసేస్తుంది. కొండ దిగేటప్పటికి దానిలో వాన మిగలదు. మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైన పడితే, కొండల ఇవతలి పుణెలో సుమారు 700 మిల్లీమీటర్లే. మన అనంతపురం కరువుకు కూడా ఒక ముఖ్య కారణం ఈ వర్షచ్ఛాయే.

ఇక అక్టోబరు నుంచి గాలి తిరగబడుతుంది. ఈశాన్యం నుంచి వీస్తూ బంగాళాఖాతం మీద తేమ తాగి, తమిళనాడు మీదా, మన దక్షిణ కోస్తా మీదా కురుస్తుంది. తమిళనాడు ఏడాది వానలో దాదాపు సగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనిదే. వాయుగుండాలూ తుఫానులూ ఎక్కువగా వచ్చే రోజులు కూడా అవే. మేము 34 మందిమి డబ్బు కట్టి వెళ్ళింది సరిగ్గా దాని నడిమధ్యకు.

తాతయ్య చెప్పే కార్తెలు కూడా ఇదే శాస్త్రం. సూర్యుడు 27 నక్షత్రాల మీదుగా సాగినట్టు భావించి, ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులకు ఒక కార్తె అన్నారు. మృగశిరకు తొలకరి, విశాఖకు తుఫాను భయం. ఇది సౌరమానపు పంచాంగం. నేను అక్షాంశం అంటాను, ఆయన కార్తె అంటాడు. ఇద్దరం చూసేది ఒకే సూర్యుణ్ణి.

ప్రాంతాల వారీగా

ఈ నాలుగు ప్రశ్నలనూ పట్టుకుని దేశమంతా ఒక చుట్టు చుట్టి వద్దాం.

హిమాలయాలు: సిమ్లా, కులూ, నైనీతాల్ వైపు ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు, మళ్ళీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు మంచి కాలం. మంచు చూడాలంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. ఆ మంచు మన ఋతుపవనాల చలవ కాదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడుల వల్ల పడేది. జూలై, ఆగస్టుల్లో ఆ కొండల్లో చరియలు విరిగిపడే ప్రమాదం ఎక్కువ. 2013 జూన్ 16, 17 తేదీల్లో కేదారనాథ్‌ను ముంచెత్తిన వరదను మరచిపోకూడదు. ఆ ఏడు ఋతుపవనాలు ఉత్తరాఖండ్‌కు ముందుగా చేరాయి. వేలాది యాత్రికులు, అందులో మన తెలుగువాళ్ళు కూడా, దారిలో చిక్కుకుపోయారు. వానాకాలంలో మాత్రమే తన అందం చూపించే చోటు ఒకటుంది, పూలలోయ. జూలై, ఆగస్టుల్లోనే పూస్తుంది. అక్కడికి పోయేవాళ్ళు వానకు సిద్ధపడే పోవాలి.

లదాఖ్: హిమాలయాల వెనక వర్షచ్ఛాయలో ఉంది. ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వానే. దేశమంతా తడిసే జూన్ – సెప్టెంబరు కాలమే లదాఖ్‌కు తగిన కాలం. అయినా "ఎప్పుడూ" అనే మాట ప్రకృతి దగ్గర చెల్లదు. 2010 ఆగస్టులో లేహ్‌లో కుంభవృష్టి కురిసి ఎందరో ప్రాణాలు పోయాయి. మరో సంగతి. 3,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గరి దానిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. విమానంలో దిగిన వెంటనే కొండలెక్కకుండా రెండు రోజులు ఊరకే ఉండి ఒంటిని అలవాటు పడనివ్వాలి.

ఉత్తర మైదానాలు: ఆగ్రా, ఢిల్లీ, కాశీలకు అక్టోబరు, నవంబరు నెలలూ, ఫిబ్రవరి, మార్చి నెలలూ మంచివి. మే, జూన్‌లలో లూ అనే వడగాలి. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు. రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. తాజ్‌మహల్ ముందు నిలబడి తాజ్‌మహల్ ఎక్కడని అడగాల్సి రావచ్చు.

పడమటి ఎడారి: రాజస్థాన్‌కూ కచ్‌కూ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కచ్ రణ్ వానాకాలంలో నీటితో నిండి, తర్వాత ఎండి తెల్లటి ఉప్పు మైదానమవుతుంది. బొమ్మల్లో చూసే ఆ తెల్లదనం కోసం ఆగస్టులో వెళితే బురద కనిపిస్తుంది.

పడమటి కనుమలు, కేరళ: హాయిగా తిరగాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి. కానీ జలపాతాలు చూడాలంటే వాన పడాల్సిందే. 253 మీటర్ల నుంచి దూకే శరావతి, జోగ్ దగ్గర ఏప్రిల్‌లో సన్నని ధార అయిపోతుంది. ఋతుపవనాల చివరి రోజుల్లో వెళ్ళడం ఉభయతారకం. 2018 ఆగస్టులో కేరళను ముంచిన వరద మాత్రం జ్ఞాపకం ఉండాలి.

తమిళనాడు: జనవరి నుంచి మార్చి. కొండలకైతే ఏప్రిల్, మే కూడా. నవంబరు సంగతి నేను చెప్పక్కరలేదు.

ఈశాన్యం: ఏప్రిల్, మేలలోనే అక్కడ ఉరుముల వానలు మొదలవుతాయి. మేఘాలయలోని మాసిన్రాంలో ఏడాదికి సుమారు 11,800 మిల్లీమీటర్లు కురుస్తుందని లెక్క. మా మాగాణి మొత్తం మనిషి ఎత్తుకు సుమారు ఏడు రెట్ల నీటిలో మునిగినట్టు ఊహించుకోండి! కజిరంగ అడవిని వానాకాలంలో మూసేస్తారు. అటువైపు నవంబరు నుంచి మార్చి మంచిది.

మధ్యభారతపు అడవులు: పులుల అభయారణ్యాల్లో లోపలి భాగాలకు సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు దాకా ప్రవేశం ఉండదు. మన నల్లమలదీ అదే పద్ధతి. ఏప్రిల్, మేలలో ఎండ భరించగలిగితే, నీటిగుంటలు ఎండిపోయి ఉన్న కొద్ది నీళ్ళ దగ్గరికే జంతువులు వస్తాయి కాబట్టి కనబడే అవకాశం ఎక్కువ.

అండమాన్: రెండు ఋతుపవనాలూ తడిపే దీవులు. జనవరి నుంచి ఏప్రిల్ దాకానే తెరిపి.

మన రెండు రాష్ట్రాలు: దూరం పోలేనివాళ్ళకు ఇక్కడ తక్కువేమీ లేదు. అరకు చుట్టూ నవంబరు, డిసెంబరుల్లో వలిసె చేలు పసుపుపచ్చగా పూస్తాయి. చలికాలంలో పులికాట్‌కు రాజహంసలు, నేలపట్టుకూ కొల్లేటికీ గూడబాతులు వస్తాయి. ఆదిలాబాద్ వైపు కుంటాల జలపాతం వానలు వెనకపట్టాక చూడదగ్గది. వేసవికి హార్స్‌లీ కొండలున్నాయి. అయితే అక్టోబరులో విశాఖ వైపు టూరు వేసేవాళ్ళు 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను తలచుకోవాలి. పాపికొండల ప్రయాణం గోదావరి శాంతించాకే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు నది వరదతో ఉంది.

సెలవుల లెక్క

ఇంతవరకూ ప్రకృతి లెక్క. మనకు ఇంకో లెక్క ఉంది. మన సెలవులెప్పుడు? మన ఇళ్ళలో డబ్బెప్పుడు?

కాలేజీ సెలవులు ప్రధానంగా మూడు: దసరా, సంక్రాంతి, వేసవి. దసరాకు ఉత్తర మైదానాలూ హిమాలయాల దిగువ కొండలూ బాగుంటాయి. తమిళనాడు, మన కోస్తా నమ్మకం లేనివి. సంక్రాంతికి దక్షిణాదంతా, రాజస్థాన్, కచ్ బాగుంటాయి. ఉత్తరాన పొగమంచు. వేసవికి ఎత్తయిన కొండలు ఒక్కటే దారి.

ఇక రైతు లెక్క. డెల్టాలో జూన్, జూలైల్లో కాలవలకు నీళ్ళు వస్తాయి. నాట్లు, కలుపు, ఎరువులు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు. వరి కోయకముందే చేలో మినుములు చల్లుతారు. ఫిబ్రవరి, మార్చిలో అవి చేతికొస్తాయి. ధాన్యం డబ్బు సంక్రాంతికో ఆ తర్వాతో ఇంటికొస్తుంది. నవంబరులో రైతు చేతిలో రూపాయి ఉండదు. పంట చేలో ఉంటుంది, అప్పు ఇంట్లో ఉంటుంది. ఆ నెలలోనే నేను 34 ఇళ్ళకు 4,800 చొప్పున చీటీ పంపాను. ఆకాశం సంగతే కాదు, మా నాన్నగారి జేబు సంగతి కూడా నేను చూసుకోలేదన్నమాట. రైతు కొడుకునై ఉండి!

ఈ ఫిబ్రవరి

ఈ సంవత్సరం మళ్ళీ కమిటీలో వేశారు. వద్దంటే, "తప్పు చేసినవాడివే నువ్వు, ఈసారి సరిగ్గా చెయ్" అన్నారు లెక్చరర్ గారు. ఈసారి ఊరి పేర్లు ముందు పెట్టలేదు. ఒక కాగితం తిప్పి, "మీ ఇంట్లో డబ్బు ఏ నెలలో సులువు?" అని అడిగాం. ఎక్కువమంది ఫిబ్రవరి అన్నారు. ఫిబ్రవరికి తగిన చోట్లు ఏవి? ఐదు రాసి, దూరం, ఖర్చు చూసి మూడు కొట్టేసి, మిగిలిన రెండింటికి ఓటు పెట్టాం. మహాబలేశ్వరం గెలిచింది. దాన్ని జాబితాలో చేర్చింది నేనే. ఎందుకంటే కృష్ణ అక్కడ పుడుతుంది.

సముద్రమట్టానికి 1,300 మీటర్లకు పైన, అరేబియా సముద్రానికి వంద కిలోమీటర్ల లోపే ఉన్న కొండ అది. అక్కడ పడ్డ వాన దగ్గరలోని పడమటి సముద్రానికి పోకుండా, తూర్పుకు తిరిగి నాలుగు రాష్ట్రాల మీదుగా 1,400 కిలోమీటర్లు నడిచి మా హంసలదీవికి వస్తుంది. పాత మహాబలేశ్వరం గుళ్ళో రాతి గోముఖం నుంచి సన్నగా ధార పడుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. లోయ అంచులు గీసినట్టు కనబడుతున్నాయి. జూలైలో వస్తే ఇక్కడ ఎదుటి మనిషి కనబడడట. మా కాలవలో నీళ్ళుండాలంటే ఇక్కడ అలాగే కురవాలి మరి. యాత్రికుడికి చెడ్డకాలం మా ఊరికి మంచికాలం. ఈ మాట ఏ పుస్తకంలో చదివినా నాకు అంత బాగా ఎక్కేది కాదు.

మనిషికి ఖర్చు 3,900 అయింది. 31 మందిమి వెళ్ళాం.

రానివాళ్ళు ముగ్గురు. కౌలురైతు కొడుకైన నా మిత్రుడు అందులో ఒకడు. వాడి హాస్టల్ గదికి రెండుసార్లు వెళ్ళి అడిగాను. "నువ్వు ఈసారి నెల బాగానే ఎంచావురా. కానీ నాన్నని మళ్ళీ అడగలేను" అన్నాడు. అతని వాటా మేం నలుగురం వేసుకుంటామంటే ఒప్పుకోలేదు. ఆ నవంబరు టూరుకు నేను వేసుకున్న నష్టం లెక్కలో ఈ పద్దు లేదు. ఇప్పుడు రాసుకుంటున్నాను.

ముగింపు

టూర్ కమిటీలోకి వచ్చే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఫలానా ఊరు మంచిదా అని అడగకండి. ఫలానా ఊరు ఫలానా నెలలో ఎలా ఉంటుందని అడగండి. ఊరూ నెలా కలిస్తేనే చోటు. పేరు రాసే ముందు సూర్యుడు, ఎత్తు, సముద్రం, గాలి — ఈ నాలుగూ చూడండి. ఆ పైన, డబ్బు కట్టేవాళ్ళ ఇంట్లో పంట చేలో ఉందా, గాదెలో ఉందా అన్నది కూడా చూడండి. బయలుదేరే వారం ముందు నుంచి వాతావరణ శాఖ సూచనలు వినండి. 1875 నుంచి వాళ్ళు చేస్తున్న పని అది. ఇవన్నీ కుదరకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. నేను అడగలేదు.

మహాబలేశ్వరం నుంచి వచ్చాక తాతయ్యకు అక్కడి ఫొటోలు చూపించాను. కొండలు, గుడి, గోముఖం అన్నీ చూశాడు. చివరికి, "అక్కడేం పండిస్తారురా?" అని అడిగాడు. స్ట్రాబెర్రీలని చెప్పాను. అదేం పంటో వివరించాను. "ఎప్పుడు కోతకొస్తాయి?" అన్నాడు. డిసెంబరు నుంచి మార్చి దాకా అన్నాను. వేళ్ళ మీద లెక్క పెట్టుకుని, "అప్పటికి మన మినుములు కూడా ఇంటికొస్తాయి. వచ్చే ఏడు మార్చిలో అయితే మీ నాన్నా నేనూ కూడా వస్తాం" అన్నాడు.

మా ఇంట్లో యాత్రకు నెల ముందుగా ఎంచుకోవడం ఇదే మొదటిసారి.